వరదరాజులు కూతపెట్టె

మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె వైపు పోతే పొద్దున లేచింది మొదలు పొద్దుగూకే దాకా మగ్గాల చప్పుడే. పట్టుచీరలు నేసేవాళ్ళ వీధులవి. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు నెల తిరక్కుండానే తల పట్టుకొని ఇంకో ఇల్లు వెతుక్కుంటారు. వరదరాజులు మాత్రం ఆ చప్పుడు కోసమే అక్కడ ఇల్లు తీసుకున్నాడు. అంత గోలలో తన గోల ఎవరికీ వినబడదని అతని లెక్క. పాల ఫ్యాక్టరీలో కరెంటు పని చూసే మనిషి, నెల జీతం, పీఎఫ్, ఇస్త్రీ యూనిఫాం అన్నీ ఉన్నవాడు. అలాంటివాడు ఆదివారం పూట నట్టింట్లో చాపేసుకొని, స్టీలు టిఫిన్ డబ్బాలకు బెజ్జాలు కొట్టి, వాటిలోంచి పిల్లి గొంతు నొక్కినట్టు, పాత బస్సు బ్రేకు వేసినట్టు కూతలు తెప్పిస్తుంటే ఇంకో వీధిలోనైతే ఊరుకుంటారా?

వాటికి కూతపెట్టెలని పేరు పెట్టింది అతని భార్య మునిలక్ష్మి. ముద్దుకొచ్చి పెట్టిన పేరు కాదది. ఆ ఇంట్లో మిక్సీ చెడిపోయి చాలా కాలమైంది. "ఫ్యాక్టరీలో అన్ని మోటార్లు బాగుజేస్తావు, ఇంట్లో మిక్సీకి మాత్రం నీకు తీరదు. ఆ కూతపెట్టెలకైతే పది చేతులొస్తాయి," అని రోట్లో చట్నీ నూరుకుంటూ సాధించేది. వచ్చే ఆదివారం చేస్తాలే మే, అనేవాడు. వచ్చే ఆదివారం ఇంకో డబ్బాకు బెజ్జం పడేది.

ఆ డబ్బాల్లో ఉండేది పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. చింతగింజ కంటే కాస్త పెద్దదిగా, జెర్రిపిల్లలా రెండు పక్కలా కాళ్ళతో ఉండే నల్ల చిప్పు. బెంగుళూరు ఎస్పీ రోడ్డులో గుప్పెళ్ళతో పోసి అమ్ముతారు. దాని లోపల ఆరు గదులు, ఆరింటికీ ఒకటే బుద్ధి. ఔనంటే కాదంటాయి, కాదంటే ఔనంటాయి. ఫ్యాక్టరీల్లో వాటిని బుద్ధిగా యంత్రాలకు కాపలా పెడతారు. అయితే అది చెప్పిన జవాబునే తిప్పి దాని చెవిలో వేశామనుకోండి, తన మాటను తనే కాదనాల్సి వస్తుంది. కాదంటుంది, ఆ కాదును మళ్ళీ కాదంటుంది, ఎటూ నిలవలేక కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడానికి ఒక స్పీకరు తగిలిస్తే కూత వస్తుంది. ఆరు గదుల్నీ అలా తిప్పి ఒకదాని మీదికి ఒకదాన్ని ఉసిగొల్పితే, అవి పోట్లాడుకునే తీరు వినాలి.

వరదరాజులుకు ఇది పొరపాటున దొరికింది. ఫ్యాక్టరీలో పాత అలారం బోర్డు ఒకటి పారేస్తుంటే తెచ్చుకొని గెలుకుతూ, ఒక వైరు తగలకూడని చోట తగిలించాడు. వచ్చిన శబ్దానికి ఒళ్ళు జలదరించింది. అది నాదస్వరంలా లేదు, డోలులా లేదు, సినిమా పాటలా లేదు. ఏ గుడిదీ కాదు, ఏ పెళ్ళిదీ కాదు, ఏ ఊరిదీ కాదు. ముఖ్యంగా పలక దరువులా లేదు. అతనికి కావలసింది అదే.

పలక అతని తండ్రి మల్లప్పది. వాళ్ళ ఊరు పుంగనూరు దాటాక రోడ్డు దిగి లోపలికి పోవాలి. ఊరి బయటి కాలనీలో ఉండేవాళ్ళలో ఊరికి పలక కొట్టే ఇల్లు మల్లప్పదే. రైతుల ఇళ్ళలో శవం లేచినా, గంగమ్మ జాతర వచ్చినా, చాటింపు వెయ్యాలన్నా వాళ్ళ గుమ్మం ముందుకొచ్చి ఎవరో ఒకరు కేక వేసేవాళ్ళు. గుమ్మం ముందుకే, లోపలికి కాదు. పలక అంటే గుండ్రటి చట్రానికి బిగించిన తోలు. ఊరికే కొడితే బుస్సుమంటుంది. గడ్డి మంట వేసి ఎదురుగా పట్టుకొని కాచాలి. కాగిందంటే దెబ్బ దెబ్బకూ ఊరు అదిరిపోతుంది.

వరదరాజులు మదనపల్లెలో ఐటీఐ చదువుతున్న రోజుల్లో, ఊళ్ళో చెంగల్రాయుడు వాళ్ళ నాయన పోయాడు. అరవై ఎకరాల ఇల్లది. మల్లప్ప అప్పటికి విషజ్వరంతో మంచం మీద ఉన్నాడు. అయినా గుమ్మం ముందు కేక పడింది. వద్దు నాయనా, పోవద్దు అని కొడుకు అడ్డం నిలబడ్డాడు. "నాకు జరమొచ్చింది గానీ పలకకు రాలేదు గదరా," అన్నాడు మల్లప్ప. కాచిన పలక ఎంత వేడిగా ఉందో మనిషి అంత వేడిగా ఉండి, ఇంటి నుంచి వల్లకాడు దాకా వాయించాడు. వాళ్ళు పలకను బోర్లించి అందులో పోసిన బియ్యం తెచ్చి పెళ్ళానికిచ్చి పడుకున్నాడు. ఆ పడకలోంచి మళ్ళీ లేవలేదు. మల్లప్ప పాడె మోసేటప్పుడు ఊరిలోంచి ఒక్కడూ కాలనీ వైపు రాలేదు. పలక చప్పుడు కూడా లేదు. కొట్టేవాడే పోయాడు కదా!

పెద్ద కర్మ అయిన మర్నాడే ఊరి పెద్దలు కబురంపారు, ఇక నువ్వే కదా అని. వరదరాజులు బట్టలు సర్దుకొని మదనపల్లె బస్సెక్కాడు. నాయన పలకను పారెయ్యడానికి మనసొప్పలేదు, తాకడానికీ మనసొప్పలేదు. గోనెసంచిలో చుట్టి తెచ్చి అటక మీదికి తోశాడు. అది అక్కడే ఉంది. ఊరు అప్పట్నుంచీ కుప్పం అవతల నుంచి అరవ మేళాన్ని పిలిపించుకుంటోంది.

కూతపెట్టెల్లో అతనికి బాగా ఇష్టమైనదానికి మీటల్లేవు, బటన్లు లేవు. మూత మీద రెండు ఇత్తడి మేకులు మాత్రం ఉంటాయి. ఒక మేకు మీద ఎడమచేతి వేలు, ఇంకో మేకు మీద కుడిచేతి వేలు పెడితే, తిరిగి పోవలసిన కరెంటు మనిషి ఒంట్లోంచి పోతుంది. షాకు కొట్టదు, చీమ పాకినట్టు కూడా ఉండదు. వేళ్ళు పొడిగా ఉంటే కరెంటుకు దారి ఇరుకు. టక్, టక్ మని నిదానంగా పలుకుతుంది. తడి వేళ్ళయితే గీమని ఆకాశానికెక్కుతుంది. గట్టిగా నొక్కితే ఒకలా, ఆనీ ఆనక ఆనిస్తే ఒకలా. చంటిపిల్ల చేత ముట్టించినా పలుకుతుంది. కానీ వరదరాజులు వేళ్ళకు పలికినట్టు ఎవరికీ పలికేది కాదు.

"సూడు మే, దీనికి తోలు లేదు," అని పొంగిపోయేవాడు భార్య దగ్గర. "తోలు లేదు, కాసేది లేదు, కర్ర లేదు. ఎవురి సావుకూ పనికిరాదు."

"బతుకుండేవాళ్ళకు మాత్రం పనికొస్తాందా?" అనేది మునిలక్ష్మి.

పనికొచ్చే రోజు ఒకటి రానే వచ్చింది. ఫోనులో అతను పెట్టుకున్న వీడియోలు చూసి, కుప్పంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే వరుణ్ అనే కుర్ర లెక్చరరు పిలిచాడు. మా పిల్లల ముందు వాయించండి సార్ అన్నాడు. వరదరాజులును అంతవరకూ సార్ అన్నవాడు బ్యాంకులో లోను అమ్మజూపే కుర్రాడొక్కడే. కుప్పం వెళ్ళాడు. పెద్ద హాలు, పెద్ద స్పీకర్లు. మేకుల మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత నవ్వు ఆపేశారు, చివర్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకమ్మాయి వచ్చి, నేను ముట్టుకోవచ్చా సార్ అనడిగి మేకుల మీద వేళ్ళు పెట్టి, కూత వినగానే చెయ్యి లాక్కొని కిలకిలా నవ్వింది. ఇన్నేళ్ళకు తన చప్పుడును తన చప్పుడుగా విన్నారు, ఇదే కదా నాకు కావలసింది అనుకున్నాడు.

అంతా అయ్యాక వరుణ్ మైకు పెట్టి, మీ నాన్నగారు ఏం చేసేవారు సార్ అనడిగాడు. ఆ సంతోషంలో ఉండి, "పలక కొట్టేవాడు సార్," అనేశాడు వరదరాజులు. మదనపల్లెలో ఇన్నేళ్ళుండి పక్కింటివాళ్ళకు కూడా చెప్పని మాట. పిల్లలు మళ్ళీ చప్పట్లు కొట్టారు. వరుణ్ ఆ వీడియోను నెట్లో పెట్టి కింద రాశాడు: తరతరాల పలక దరువు ఇప్పుడు చిప్పులోకి! వరుణ్ మంచివాడే. మెచ్చుకోలుగానే రాశాడు. తోలు లేని చప్పుడు కోసం ఒక మనిషి ఎంత దూరం నడిచాడో, ఆ ఒక్క ముక్కతో అతన్ని తిరిగి బయల్దేరిన చోటికే తెచ్చి దించాడని ఆ అబ్బాయికి ఈరోజుకీ తెలీదు.

వీడియో ఊరు చేరింది. ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది.

"వరదరాజులు గారా? నేను చెంగల్రాయుడును మాట్లాడతాండా. మీ ప్రోగ్రాం సూసినాము. ఊరందరికీ గర్వంగా ఉండాది. ఈసారి గంగమ్మ జాతరలో మీ ప్రోగ్రాం పెట్టాలని పెద్దోళ్ళందరం అనుకుంటా ఉండాము."

"స్టేజీ ఉంటాదా అన్నా?" అనడిగాడు వరదరాజులు. తండ్రి ఆ ఇంటివాళ్ళను అయ్యా అనేవాడు. అన్నా అనేటప్పుడు ఇతనికి నాలుక ఒక్క క్షణం తడబడింది.

"ఉండదా మరి! స్టేజీ, మైకులు, లైట్లు అన్నీ ఉంటాయి."

ఫోను పెట్టేసి భార్యకు చెప్పాడు. "గారూ అన్నాడా నిజంగా?" అని మునిలక్ష్మి రెండు మూడుసార్లు అడిగింది. నిజంగానే అన్నాడు. అదే అతన్ని పడగొట్టింది. అప్పట్లో ఊరి పెద్దల కబురుకు లొంగనివాడు, చుట్టాలు చెబితే విననివాడు, ఆ చిన్న మాటకు లొంగిపోయాడు. జాతర కోసం ప్రత్యేకంగా ఇంకో పెట్టె చేశాడు. ఆటో మీద కట్టే హారన్ స్పీకరు, చార్జింగ్ బ్యాటరీ, మెరుగుపెట్టిన ఇత్తడి మేకులు. కొత్త తెల్లచొక్కా కుట్టించుకున్నాడు. మునిలక్ష్మి అమ్మవారికి పిండిదీపం ఎత్తుతానని మొక్కుకుంది.

ఊరు చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. స్టేజీ ఉంది, బ్రహ్మాండంగా ఉంది, పూలు కూడా కట్టారు. పెట్టె పట్టుకొని అటు వెళ్ళబోతే చెంగల్రాయుడు ఎదురొచ్చి భుజం పట్టుకొని ఇంకో వైపు తిప్పాడు. "అది సాయంత్రం డ్యాన్సు పిల్లోళ్ళకప్పా. నీది ఆడ." ఫోనులోని గారూ, మీరూ బస్సు దిగేలోపే అప్పాలోకి వచ్చాయి. ఆ చెయ్యి చూపించిన చోటు, కాలనీ దారి ఊరి వీధిలో కలిసే మూల. మల్లప్ప జాతర జాతరకూ నిలబడిన చోటు. అక్కడ ఒక రాయి, రాయి పక్కన పొందిగ్గా పేర్చిన ఎండుగడ్డి, గడ్డి మీద అగ్గిపెట్టె.

వరదరాజులు గడ్డి వైపు చూపించాడు. "ఇదెందుకన్నా? దీనికి తోలు లేదు. కాసే పని లేదు," అన్నాడు.

"ఆనవాయితీ గదప్పా. ఉంటే నీకేం బరువు?" అన్నాడు చెంగల్రాయుడు. ఎగతాళికి అన్న మాట కూడా కాదది. ఎగతాళైతే బాగుండేది, తిట్టి వెనక్కి వచ్చెయ్యొచ్చు. ఇంటికొచ్చినవాడికి మంచినీళ్ళు పెట్టినంత మామూలుగా అన్నాడు.

వెనక్కి వచ్చెయ్యాల్సింది. కానీ అప్పటికే ఊరేగింపు కదిలింది. ముందు గంగమ్మ సిరసు, అంటే అమ్మవారి తల, వెనక ఊరి ఆడవాళ్ళ దీపాలు, వాటన్నిటి తర్వాత కాలనీ ఆడవాళ్ళవి. ఆ ఊళ్ళో పలక మోగందే అమ్మవారు అడుగు వెయ్యదు. మోత ఆగితే సిరసు మోసేవాడు ఎక్కడివాడక్కడ నిలబడిపోవాలి, వెనక అందరూ నిలబడిపోవాలి. ఆ వరుసకు చిట్టచివర, నెత్తిన పిండిదీపం పళ్ళెంతో మునిలక్ష్మి ఉంది. సిరసు మూల మీదికి వచ్చి ఆగింది. అందరూ ఇతని చేతుల వైపు చూశారు.

వరదరాజులు మేకుల మీద వేళ్ళు పెట్టాడు. ఎండకు వేళ్ళు పొడిబారిపోయి ఉన్నాయి. టక్. టక్. టక్. పెద్ద హారన్‌లోంచి నిదానంగా, లోతుగా వచ్చింది. అరుగు మీది ముసలాయన ఒకడు తొడ చరిచి అరిచాడు. "అచ్చం మల్లప్ప దెబ్బే! రక్తం యాడికి పోతాది!"

ఆ మాట చెవిన పడగానే వరదరాజులు ఒళ్ళు భగ్గున మండింది. అరచేతుల్లో చెమట పట్టింది. చెమట తగిలిన పెట్టె గొంతు పెంచింది. కుర్రాళ్ళు ఈలలేశారు. ఆ ఈలలకు ఇంకా కోపం, ఆ కోపానికి ఇంకా చెమట, ఆ చెమటకు ఇంకా పెద్ద కూత. కుప్పంలో కూడా అంత గొప్పగా పలకలేదది. లోపల అతను ఎంత ఛీ అనుకుంటే బయట అంత బ్రహ్మాండంగా మోగింది. జనం ఊగిపోయారు, తువ్వాళ్ళు గాలిలో తిప్పారు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. ఒక మనిషి సిగ్గుతో చచ్చిపోతుంటే దానికి చిందులు తొక్కడం ఎక్కడైనా ఉందా? ఆ రోజు అక్కడ ఉంది.

వేళ్ళు తీసేశాడు.

చప్పుడు టక్కున తెగిపోయింది. సిరసు ఆగింది. దీపాల వరుసంతా ఆగింది.

"ఏమప్పా, ఆపితివి? కొట్టు, కొట్టు!" అన్నాడు చెంగల్రాయుడు.

మేకుల మీద వేళ్ళు ఆనించేదాన్ని కొట్టడం అనరు. ఆ ముక్క చెబుదామని నోరు తెరిచాడు. వరుస చివర మునిలక్ష్మి కనబడింది. మిట్టమధ్యాహ్నపు ఎండలో, చెప్పుల్లేని కాళ్ళతో, నెత్తిన వెలుగుతున్న దీపం. కరిగిన నెయ్యి నుదుటి మీదికి కారుతోంది, రెండు చేతులూ పళ్ళేన్ని పట్టుకొని ఉన్నాయి గనక తుడుచుకోలేకుండా ఉంది. ఆమె ముందు అలాగే నిలబడిపోయిన ముసలివాళ్ళు, కడుపుతో ఉన్నవాళ్ళు. ఆమె అతన్ని కొట్టమనలేదు, మానమనలేదు. ఊరికే చూసింది. వరదరాజులు మళ్ళీ వేళ్ళు పెట్టాడు. సిరసు గుడి చేరేదాకా తియ్యలేదు.

అంతా ముగిశాక చెంగల్రాయుడు మనిషి బియ్యం చేట తెచ్చాడు. పట్టడానికి వరదరాజులు ఏమీ చాపలేదు. వాడు ఒక్క క్షణం చూసి, బ్యాటరీ తియ్యడానికి పెట్టె మూత విప్పి బోర్లించి ఉంటే అందులో పోసేసి పోయాడు. చెంగల్రాయుడు దగ్గరికొచ్చి సంతోషంగా వీపు తట్టాడు.

"మన ఊరికి మళ్ళీ పలక వచ్చిందప్పా. ఇంగ ఆ అరవోళ్ళను బతిమాలే పని లేదు. మా అమ్మ ఆదిలక్ష్మమ్మ మంచంలో ఉండాది, తెలుసు గదా. ఎప్పుడు ఫోన్ జేస్తానో ఏమో. దానికి చార్జింగ్ పెట్టుకోనుండు."

తిరుగు బస్సెక్కారు. వరదరాజులు తన వేళ్ళ కొసలు చూసుకుంటూ కూర్చున్నాడు. ఇత్తడి మేకుల గుండ్రటి అచ్చులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. తోలు లేని వాయిద్యం చేశానని ఇన్నేళ్ళు మురిసిపోయాడు. తోలు ఉండనే ఉంది, తన వేళ్ళదే. గడ్డిమంట కూడా అవసరం లేకుండా వాళ్ళు దాన్ని కాచారు. అది తోచాక అతనికి ఏడుపు వచ్చింది, కిటికీ వైపు తిరిగి ఏడ్చాడు. ఇల్లు చేరగానే కటింగ్ ప్లయరు తీసుకొని మేకుల వైర్లు కత్తిరించేశాడు. తర్వాత చిప్పులు పీకాడు. తర్వాత మిగతా డబ్బాలు కూడా ఒక్కొక్కటే.

చింతకాయలు దోరగా మారే రోజుల్లో ఫోను వచ్చింది.

"వరదా, అమ్మ పాయరా. పెట్టె ఎత్తుకోని వెంటనే బస్సెక్కు."

అప్పా కూడా పోయింది. "అయ్యో," అన్నాడు వరదరాజులు. నిజంగానే బాధగా అన్నాడు, ఆ ముసలామె మీద అతనికి కోపమేమీ లేదు. "పెట్టె చెడిపోయిందన్నా."

అవతల కాసేపు శవం ముందు ఏడుపులు వినిపించాయి. "చెడిపోతే పోనీలేరా. మీ నాయన పలక ఇంట్లో ఉండాది గదా. అది ఎత్తుకోని రా. గడ్డి మేం పెట్టిస్తాంలే."

కాదనే చిప్పులతో ఇన్నేళ్ళు ఆడుకున్న మనిషి. తన నోటితో మాత్రం ఆ ఇంటికి ఎప్పుడూ కాదని చెప్పలేదు.

"రానన్నా," అన్నాడు. "పెట్టె చెడిపోలా. నేనే పీకేసినా. పెట్టె లేదు, పలక లేదు, నేను రాను."

"సావింటికి రానంటావా? మీ నాయన ఎట్లాంటోడు, నువ్వు ఎట్లాంటోడివైతివిరా!" అని ఫోను పెట్టేశాడు చెంగల్రాయుడు.

అలా వరదరాజులు పలక నుంచి బయటపడ్డాడు. కానీ దానికి కూతను ఇచ్చుకోవలసి వచ్చింది. వరుణ్ బెంగుళూరులో ఏదో ప్రోగ్రాం ఉందని పిలిస్తే, ఇప్పుడు చెయ్యడం లేదు సార్ అన్నాడు. ఏ కొత్త పెట్టె చేసినా, అది నోరు తెరిచిన మరుక్షణం ఏదో ఒక చావింటి నుంచి ఫోను వస్తుందని అతనికి తెలుసు. ఎస్పీ రోడ్డుకు పోవడం మానేశాడు. ఆదివారాలు టీవీ ముందు కూర్చుంటాడు, ఏం వస్తోందో చూడడు.

అలాంటి ఒక ఆదివారం, ఎవరూ అడక్కుండానే, అటక మీద పలక పక్కనుంచి మిక్సీ దించి బాగుచేశాడు. గంటసేపు కూడా పట్టని పని. మునిలక్ష్మి శెనక్కాయలు, పచ్చిమిరపకాయలు వేసి మీట తిప్పింది. మిక్సీ గుర్రుమని అందుకొని సన్నగా గొంతు పెంచింది. వరదరాజులు చటుక్కున తలెత్తి విన్నాడు. ఆ మొహంలో ఒక్క క్షణం పాత మనిషి కనిపించి పోయాడు.

మునిలక్ష్మి ఆ మొహం చూసి మిక్సీ ఆపేసింది. జారులోని శెనక్కాయలు రోట్లో వేసుకొని చేత్తోనే నూరింది.